సున్నం, నిప్పు, రాయి అన్నాను

మెక్సికో తిండి మిగతా దేశాల తిండి కంటే ఎందుకంత రుచిగా ఉంటుందని మొన్న కొత్తగూడలో ఒక హోటల్లో పక్క బల్ల దగ్గర ముగ్గురు వాదించుకుంటున్నారు. మెడల్లో కంపెనీ కార్డులు వేలాడుతున్నాయి. ఒకడు చీజ్ వల్ల అన్నాడు. ఇంకొకడు సాస్ వల్ల అన్నాడు. వాళ్లతో ఉన్న అమ్మాయి ఫోనులో వెతికి, మసాలాల సమతూకం వల్ల అని చదివి వినిపించింది. వాళ్ల ముందు పళ్లెంలో మైదా చపాతీ, దాని మీద కరిగిన చీజ్, దాని మీద టమాటా కెచప్. దానికి మెక్సికో పేరు పెట్టి అమ్ముతున్నారు. నేను లేచాను. నన్ను భోజనానికి తీసుకొచ్చిన మా మేనకోడలు చొక్కా పట్టుకుని లాగింది.

"మామా, నీకెందుకు? కూసో జర."

కూర్చోలేదు. వాళ్ల దగ్గరికి వెళ్లి, మీరు తింటున్నది మెక్సికో తిండి కాదు, మెక్సికోను తిట్టిన తిట్టు అన్నాను. మర్యాద తెలిసిన పిల్లలు. "ఓకే అంకుల్" అన్నారు. అంటే ఇక వెళ్లవయ్యా అని అర్థం. ఆ మాత్రం ఇంగ్లీషు నాకు వచ్చు. అందుకే ఇది రాస్తున్నాను. కాగితానికి చొక్కా ఉండదు, పట్టుకుని లాగడానికి.

నేను వంటవాణ్ని. నాలుగో తరగతిలో బడి నన్ను వదిలేసింది, నేను చదువును వదల్లేదు. పప్పు పొట్లాలు కట్టిన పేపరు ముక్కల మీద తెలుగు చదివాను. ఆబిడ్స్‌లో ఆదివారాలు పుస్తకాలమ్మే ఫుట్‌పాత్ మీద అట్ట ఊడిన డిక్షనరీ కొని, రోజుకు ఐదు మాటల చొప్పున ఇంగ్లీషు నేర్చుకున్నాను. జీడిమెట్లలో ఒక మందుల ఫ్యాక్టరీ క్యాంటీన్లో పదమూడేళ్లు వండాను. తొంభైల చివర, మాదాపూర్ రాళ్ల గుట్టల మధ్య అద్దాల మేడలు లేస్తున్న రోజుల్లో, అక్కడి ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ క్యాంటీన్‌కు వంట మేస్త్రిగా వచ్చాను. కంపెనీ పేరు రాయను. మనుషుల పేర్లూ రాయను. మిగతావాళ్ల పేర్లు రాయకపోవడం నా మర్యాద. ఒక్కరి పేరు రాయకపోవడానికి కారణం వేరే ఉంది.

ఫ్యాక్టరీలో మా ముందు నిలబడేవాళ్లకు ఆకలి ఉండేది. ఇక్కడ నిలబడేవాళ్లకు మెనూ ఉండేది. మెనూ రాసేవాడు మా ఫుడ్ మేనేజరు. కోస్తా వైపు మనిషి, ముప్పై ఏళ్లుండవు, హోటల్ చదువు చదివి వచ్చాడు. మాట మహా మెత్తన. "మేస్త్రిగారూ, మనది ఇంటర్నేషనల్ కిచెన్ అండి" అనేవాడు. ఆ ఇంటర్నేషనల్ గుట్టు ఏమిటో ఇప్పుడు విప్పుతాను. ఉదయం ఒకే ఒక పెద్ద గిన్నెలో ఉల్లి, టమాటా, జీడిపప్పు వేసి ఎర్ర గ్రేవీ ఉడికించేవాళ్లం. అందులో పన్నీరు పడితే పంజాబు, కోడి పడితే మొగలాయి, క్యాప్సికం పడి పైన చీజ్ పడితే మెక్సికో. ఒక గిన్నె, ఆరు పేర్లు. తినేవాళ్లు బాగుందనే అనేవారు. ఆ మాట విన్నప్పుడల్లా నా ఒళ్లు మండేది.

ఆ వంటింట్లో గ్రేవీ అంటని మనిషి ఒక్కతే ఉండేది. రొట్టెల అక్క. యాభై ఐదేళ్లుంటాయి, కొత్తగూడ మనిషి. జొన్న రొట్టె, మక్కజొన్న రొట్టె రెండు అరచేతుల మధ్య తట్టి చేసేది. మా సామానులో పనికొచ్చే రాయి లేదని, తన ఇంటి సన్నికల్లును ఆటోలో పెట్టుకుని తెచ్చుకుంది. వంటింటి వెనక రేకుల పందిరి కింద బొగ్గుల కుంపటి, సన్నికల్లు, ఆమె. నడుముకు చిన్న సంచి, అందులో ఆకులు, వక్క, సున్నం డబ్బీ. నన్ను తమ్మీ అనేది. మేనేజర్ని మాత్రం సార్ అనేది, అదీ ఒక రకంగా దీర్ఘం తీసి. ఆ దీర్ఘం వింటే నాకు నవ్వు ఆగేది కాదు, అతనికి అర్థమయ్యేది కాదు.

మా మేడ ముందు కార్లు ఆగే చోట ఒకప్పుడు వాళ్ల మక్క చేను ఉండేది. ఎట్లా పోయింది, ఎవరు కొన్నారు అన్నది వేరే కథ. ఆమె రోజుకూలీ కాబట్టి ప్రతి పొద్దూ గేటు దగ్గర నిలబడి చీటీ రాయించుకోవాలి. కార్డున్నవాళ్లు పక్కనుంచి నడిచి వెళ్లిపోతారు. ఆమె పేరేమిటి, ఎవరి దగ్గరికి, ఏం పని అని వాచ్‌మన్ రోజూ అడుగుతాడు, నిన్న అడిగినవాడే.

"నా చేన్ల నేను అడుగు పెట్టనీకి నాకే చీటీ రాస్తున్నరు తమ్మీ" అంది ఒకరోజు. నవ్వుతూనే అంది. "పైసలు పెంచకున్నా మంచిదే. మెడల ఏస్కునే గా ఫోటో కార్డు ఒక్కటి ఇప్పియ్యి. ఆని ముంగటికెళ్లి ఇట్ల అనుకుంట పోత." చేతిని గాల్లో ఊపి చూపించింది, మహారాణిలా.

ఇప్పిస్తానన్నాను. ఆ మాట అన్న నోరు ఇదే.

ఆ ఏడాది కంపెనీకి పని ఇచ్చే విదేశీ సంస్థ నుంచి ఒకావిడ మూడు నెలల కోసం వచ్చింది. మెక్సికో మనిషి. నా కంటే నాలుగైదేళ్లు పెద్ద. పొట్టిగా, నల్లగా, జడ వేసుకుని, చీర కడితే మన మనిషే అనిపించేలా ఉండేది. ఆమె వచ్చిన మొదటి వారమే మేనేజరు మెక్సికో భోజనం అని బోర్డు రాయించి, అదే ఎర్ర గ్రేవీ వడ్డించాడు. ఆమె ఒక ముద్ద తిని, థాంక్యూ అని, అరటిపండు తీసుకుని వెళ్లిపోయింది. మేనేజరు మురిసిపోయాడు. "చూశారా, థాంక్యూ చెప్పారండి!" నాకు పళ్లెం కనిపించింది. ఒక వంటవాడికి వెనక్కొచ్చిన పళ్లెం కంటే స్పష్టంగా ఏ భాషా మాట్లాడదు.

తర్వాత వారం ఒక మధ్యాహ్నం రొట్టెల అక్క తన కోసం పచ్చడి చేసుకుంటూ కుంపటి మీద ఎండు మిరపకాయలు వేయించింది. గాలి అటు తిరిగింది. భోజనాల హాలంతా దగ్గు. అద్దాల మేడ కదా, ఘాటు లోపలికి పోతుంది కానీ బయటికి రాదు. రెండు వందలమంది ఇంజనీర్లు పళ్లేలు వదిలి పరుగు తీశారు. మేనేజరు చేతిరుమాలు ముక్కుకు కట్టుకుని పందిరి కిందికి ఊడిపడ్డాడు.

"ఏవిటండీ ఇది? ఫైర్ అలారం మోగితే ఎవరండీ బాధ్యులు?"

"నీళ్లు తాగుండ్రి సా...ర్" అంది అక్క. "మిరపకాయ ఘాటే గద, పాణం పోదు."

అతని వెనకే ఆ మెక్సికో ఆవిడ వచ్చింది. కళ్లల్లోంచి నీళ్లు కారుతున్నాయి, దగ్గుతోంది, నవ్వుతోంది. మేనేజర్ని పక్కకు జరిపి కుంపటి ముందు గొంతుక్కూర్చుంది. నిప్పుల మీద తోలు నల్లబడి చిట్లుతున్న టమాటాలను చూసింది. సన్నికల్లును చూసింది. చేత్తో దాన్ని నిమిరి, మా అమ్మమ్మది ఇట్లాంటిదే అంది. వాళ్లదానికి కింద మూడు కాళ్లుంటాయట, అంతే తేడా. ఆమె ఇంగ్లీషు అరువుదే, నా ఇంగ్లీషూ అరువుదే, అందుకే ఒకరికొకరం బాగా అర్థమయ్యాం. అక్కకైతే ఇంగ్లీషుతో పనే లేకపోయింది. పచ్చడి వేలితో తీసి ఆ ఆవిడ అరచేతిలో పెట్టింది.

ఆ రోజు నుంచి ఆవిడ భోజనం మా పందిరి కిందే. నాకు అది బడి.

మిరపకాయ మన దేశంలో పుట్టింది కాదని, వాళ్ల వైపు నుంచే వచ్చిందని ఆవిడ చెప్పేదాకా నాకు తెలియదు. నలభై ఆరేళ్ల వంటవాణ్ని! టమాటా అంతే. మక్కలూ అంతే. ఆ రాత్రి డిక్షనరీ ముందు వేసుకుని నన్ను నేనే తిట్టుకున్నాను. వాళ్ల ఇంటి సామాను మనం తెచ్చుకుని, మన చేత్తో వాడుకుని, చివరికి వాళ్ల తిండి పేరుతో వాళ్లకే ఎర్ర గ్రేవీ పెట్టాం.

రుచి సంగతి అడిగారు కదా, చెబుతాను. వాళ్లు అన్నీ కలిపి ఒకే గిన్నెలో ఉడకబెట్టి చంపరు. ఎండు మిరపకాయను పొడిగా వేయించి, నానబెట్టి, నూరుతారు. ఒక రకం తీపి వాసన కోసం, ఒకటి రంగు కోసం, ఒకటి కారం కోసం. టమాటాను నూనెలో కాదు, నిప్పు మీద మాడ్చి నూరుతారు. వండినదాని మీద చివర్న పచ్చి ఉల్లి, కొత్తిమీర, నిమ్మరసం వేస్తారు. మాడినదీ పచ్చిదీ ఒకే ముద్దలో నోట్లో పడతాయి. దేని రుచి దానికి తెలుస్తుంది, అన్నీ కలిసి ఇంకొకటి అవుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన గ్రేవీకి ఇది రాదు. వెయ్యి పేర్లు పెట్టినా రాదు.

వీటన్నిటి కింద రొట్టె ఉంది. అసలు గుట్టు రొట్టెలోనే. మన మక్క రొట్టె అంచులు పగులుతాయి, మడిస్తే విరుగుతుంది. వాళ్లది గుడ్డలా మడత పడుతుంది. ఎట్లా అని అడిగితే ఆవిడ కాగితం మీద గిన్నె బొమ్మ వేసి, మక్కల్ని తెల్లటి దేంతోనో ఉడికించాలంది. ఉప్పా అన్నాను, కాదంది. సోడానా అన్నాను, కాదంది. ఆఖరికి చుట్టూ చూసి, అక్క నడుముకున్న డబ్బీ మూత తీసి చూపించింది. సున్నం.

అక్క నోరు తెరిచింది. "ఏందీ, మక్కల సున్నమేస్తరా? నోరు పొక్కదా?"

మొదటిసారి నేనే చేశాను. చదువుకున్నవాణ్ని కదా, కొలత నాకే తెలుస్తుందనుకున్నాను. సున్నం ముద్ద ముద్దలా కలిపి ఉడికించాను, ఒకసారి కడిగి నూరించాను. రొట్టె సబ్బు కొరికినట్టుంది. ముగ్గురికీ నాలుక మంట.

అక్క నవ్వి, డబ్బీ నా చేతిలోంచి లాక్కుంది. "నువ్వు గోడకు ఏసే సున్నం కలిపినవ్ తమ్మీ. జరుగు." పొద్దున్నే సున్నం నీళ్లలో కలిపి పెట్టింది. మడ్డి కిందికి దిగాక, తేరీ తేరని నీళ్లు వంచి మక్కలు ఉడికించింది. మర్నాటిదాకా నానబెట్టింది. గింజను వేళ్ల మధ్య నలిపితే పొట్టు జారిపోవాలి, అదే కొలత. తర్వాత కడగడం. నేను లెక్కపెట్టాను, ఏడుసార్లు. ఎనిమిదోసారి ఎందుకు కడగలేదంటే, "వాసన పోయింది, ఇగ కడిగితె రుచి గూడ పోతది" అంది. రాయి మీద నూరి, తట్టి, పెనం మీద వేసింది. రొట్టె బూరెలా పొంగింది. అంచు పగల్లేదు. వాసన మాత్రం, ఏం చెప్పను, కొత్త వానకు తడిసిన మట్టి గోడ వాసన, పాల కంకి వాసన రెండూ కలిసి వచ్చాయి. మెక్సికో ఆవిడ రొట్టె మడిచి చెంపకు ఆనించుకుంది. నేను అటు తిరిగి నిలబడ్డాను.

ఆవిడ మూడు నెలలు ముగిసే వారం ఆమె పై అధికారులు నలుగురు వస్తున్నారన్నారు. వాళ్లకు విందు. ఆవిడ మేనేజరు దగ్గర పట్టుబట్టి, ఒక కౌంటరు మాకు ఇప్పించింది. నేను అక్కతో చెప్పాను: "ఇది బాగైతె నీ కార్డు సంగతి అందరి ముంగట నేనే అడుగుత." అక్క ఆ మర్నాడే కొత్తగూడలో స్టూడియోకు వెళ్లి ఫోటోలు దిగింది. రెండు కాపీలు. తలకు నూనె రాసి, ఎరుపు అంచు చీర కట్టి, పెళ్లిచూపులకు కూర్చున్నంత బిర్రుగా ఉంది అందులో. "పెట్టుకో తమ్మీ, అడిగినప్పుడు ఎతుక్కోవద్దు" అని నా చేతికిచ్చింది.

విందు రోజు మేనేజరు ఒకే ఒక షరతు పెట్టాడు. "ఆవిణ్ణి హాల్లోకి రానివ్వకండి మేస్త్రిగారూ. చేతులకు గ్లవ్స్ లేవు, పాన్ నములుతారు. గెస్టులు చూస్తే బాగుండదండి." నాకు కోపం వచ్చింది. వచ్చినా మింగాను. పందిరి కింద అక్క తట్టి కాల్చింది, కిటికీలోంచి రొట్టెలు అందించింది, నేను తెల్ల టోపీ పెట్టుకుని కౌంటర్లో నిలబడ్డాను. కాల్చిన టమాటా పచ్చడి, ఎండు మిరప ముద్ద, వాళ్ల చిక్కుడు గింజలకు బదులు మన అలసందలు, విడిగా వేయించిన కోడి ముక్కలు, ఉల్లి, కొత్తిమీర, నిమ్మ. పక్క కౌంటర్లో మేనేజరు చీజ్ కొండ.

గంటన్నరలో మా గిన్నెలు అడుగంటాయి. చీజ్ కొండ అట్లాగే గడ్డకట్టింది. నలుగురు అధికారుల్లో పెద్దాయన మూడోసారి వచ్చి, పళ్లెం చేత్తో పట్టుకుని నన్నే అడిగాడు, ఇంగ్లీషులో. ఇంత రుచికి రహస్యం ఏమిటి?

హాలు మొత్తం నా వైపు తిరిగింది. కంపెనీ పెద్దలు, మేనేజరు, మెక్సికో ఆవిడ. నా జన్మలో నన్ను ఇంగ్లీషులో ఒక ప్రశ్న అడిగి, జవాబు కోసం అంతమంది ఆగడం అదే మొదలు. నేను నాలుగు రోజులుగా ఒక వాక్యం తయారుచేసుకుని ఉన్నాను, ఎవరన్నా అడుగుతారేమోనని. అద్దం ముందు చెప్పుకున్నాను కూడా. ఛాతీ నిండా గాలి పీల్చి అన్నాను:

"లైమ్, సర్. ఫైర్, సర్. స్టోన్, సర్."

సున్నం. నిప్పు. రాయి.

పెద్దాయన ఆహా అన్నాడు. చప్పట్లు కొట్టారు. మెక్సికో ఆవిడ అందరి వెనక నిలబడి, నా కళ్లలోకి చూస్తూ, రెండు అరచేతులు ఒకదాని మీద ఒకటి మెల్లగా తడుతోంది. ఆవిడ కూడా చప్పట్లే కొడుతోందనుకున్నాను. తల వంచి నమస్కారం పెట్టాను. ఆవిడ ఇంకా తడుతూనే ఉంది. ఇంతలో అధికారులు ఆవిణ్ణి మీటింగుకు పిలిచారు. ఆ సాయంత్రమే విమానం.

చప్పట్ల మత్తులో కార్డు సంగతి అడగలేదు. సోమవారం అడుగుదాంలే అనుకున్నాను. ఫోటోలు జేబులోనే ఉన్నాయి.

సోమవారం పదకొండయినా పందిరి కింద కుంపటి రాజుకోలేదు. గేటుకు పరుగెత్తాను. "ఆమె పేరు లిస్టుల లేదన్నా. చీటీ రాయొద్దని మేనేజర్ సాబ్ చెప్పిండు" అన్నాడు వాచ్‌మన్. "ఏడున్నర నుంచి తొమ్మిది దాక ఈడనే నిలబడ్డది. నిన్ను పిలువుమన్నది. లోపల ఫోన్ ఎవలు ఎత్తలె."

మేనేజరు గదిలోకి తలుపు కొట్టకుండా వెళ్లాను.

"ఆమెను ఎందుకు తీసేసిండ్రు?"

"కూర్చోండి మేస్త్రిగారూ. తీసెయ్యడమేంటండి, అవసరం లేకపోయింది. కౌంటరు ఇక రోజూ పెడుతున్నాం. రోజూ అన్ని రొట్టెలు ఒక మనిషి చేత్తో ఎట్లా అవుతాయండి?"

"ఆమె లేకపోతె ఆ రొట్టె లేదు."

అతను నిజంగా ఆశ్చర్యపోయాడు. అందులో నటన లేదు.

"మీరే చెప్పారు కదండీ అందరి ముందూ! సున్నం, నిప్పు, రాయి. సున్నం ప్యాకెట్లు వచ్చాయి. నిప్పంటే గ్యాసు ఉంది. పెద్ద గ్రైండరు ఆర్డరిచ్చాం, అందులో ఉండేది రాయే కదండీ. రొట్టె నొక్కడానికి ప్రెస్సు వస్తోంది. ఇంకేం కావాలండీ? ఇంకేమన్నా ఉంటే ఆ రోజే చెప్పాల్సింది."

చదువులేనివాడిగా చాలాసార్లు నోరు మూసుకున్నాను కానీ, చదివి నోరు మూసుకోవడం అదే మొదటిసారి.

తర్వాత ఏమైందో మీరు ఊహించగలరు. ప్యాకెట్ సున్నం చెంచాతో కొలిచారు. మక్కలు ఏ రోజు పాతవో ఏ రోజు కొత్తవో చెంచాకు తెలియదు. ఎన్నిసార్లు కడగాలన్నది కాగితం మీద మూడు అని రాసి గోడకు అంటించారు. ఒకరోజు రొట్టె చేదు, ఒకరోజు అట్టముక్క. గ్రైండరు నూరే వేడికి పిండి జిగురెక్కేది. మూడు వారాలకు మైదా చపాతీ వచ్చింది. దాని మీద ఎర్ర గ్రేవీ వచ్చింది. దాని మీద చీజ్ వచ్చింది. బోర్డు మాత్రం మారలేదు. ఇవాళ మీ ముందు పళ్లెంలో ఉన్నది ఆ రోజు అక్కడ మొదలైందని నేననను. ఇట్లాంటి చోట్ల ఇట్లాగే మొదలైందని అంటాను. మేనేజరు ఒక్కడే చేసిన పాపం కాదది. చేతిని తీసేసి మిగతావన్నీ కొనుక్కోవచ్చనుకునే ప్రతివాడూ చేశాడు. దారి చూపించినవాణ్ని నేను.

రాజీనామా చేశారా అని అడుగుతారేమో. చేయలేదు. ఇంకో మూడేళ్లు అక్కడే వండాను, అదే గ్రేవీ. రాసేటప్పుడు అందరి మీదా అరుస్తున్నాను కదా, ఆ మూడేళ్లూ ఒక్కసారి కూడా అరవలేదు.

నెల తర్వాత ఫోటోలు తిరిగి ఇద్దామని కొత్తగూడ వెళ్లాను. ఆమె ఇంటి ముందు అరుగు మీద కూర్చుని జొన్న రొట్టె చేస్తోంది. పిండి ముద్దను రెండు అరచేతుల మధ్య తడుతోంది, మెల్లగా, ఒకదాని మీద ఒకటి. విందు రోజు హాలు వెనక నిలబడి ఆ మెక్సికో ఆవిడ చేతులు చేసింది ఇదే. చప్పట్లు కాదు. నాలుగోది చెప్పు, నాలుగోది చెప్పు అని నాకు అందించింది. ఎక్కడో దేశం కాని దేశం నుంచి వచ్చిన మనిషి అందించింది, పక్కన పని చేసినవాడికి అందలేదు.

అక్క తలెత్తి చూసింది. "రా మేస్త్రీ" అంది.

తమ్మీ అనలేదు.

"నీ సన్నికల్లు పంపిస్త అక్కా" అన్నాను. అంతకంటే మంచి మాట దొరకలేదు.

"పంపియ్యి. మంచి రాయి అది." రొట్టె పెనం మీద వేసింది. "గ వాచ్‌మన్ చెప్పిండు, నువ్వు ఇంగ్లీషుల మస్తు మాట్లాడినవంట గద. సప్పట్లు కొట్టిన్రంట. ఏమన్నవ్?"

"సున్నం, నిప్పు, రాయి అన్న."

"ఊఁ. నిజమే గద." రొట్టె తిప్పింది. "నా సున్నం. నా కుంపట్ల నిప్పు. నా రాయి. మరి నన్నెందుకు అనలె?"

"దానికి నాకు ఇంగ్లీషు రాలేదక్కా."

అబద్ధం కాదు. డిక్షనరీలో ఆమె చేసే పనికి మాట వెతికాను, దొరకలేదు. దొరకలేదని వాక్యంలోంచి వదిలేశాను.

ఆమె చేతులు ఆపి నా వైపు చూసింది. కోపంగా కాదు. లెక్క రాని పిల్లవాణ్ని చూసినట్టు చూసింది.

"నా పేరుకు ఇంగ్లీషెందుకు మేస్త్రీ?"

జేబులోంచి ఫోటోలు తీసి ముందుకు పట్టాను. పెనం మీద రొట్టె మాడుతున్నా ఆమె చూసుకోలేదు, నేనూ చెప్పలేదు. చేతులు తుడుచుకుని ఫోటోలు అందుకుంది. ఒకటి బొడ్లో దోపుకుంది. రెండోది నాకే ఇచ్చేసింది.

"ఇది నీ దగ్గరనే పెట్టుకో. ఇంకెప్పుడన్న ఎవలన్న అడిగి, నీకు నోరు రాకుంటె, ఇది చూపెట్టు."

"ఇగ అందరికి నీ పేరు చెప్త అక్కా. ఎక్కడ అడిగినా చెప్త."

"వద్దు" అంది. "చెప్పాల్సిన నాడు చెప్పలె. ఇప్పుడు చెప్పి నువ్వు నిమ్మలం గావద్దు."

అందుకే రాయలేదు. సన్నికల్లు మర్నాడే ఆటోలో పంపించాను. ఫోటో మాత్రం అప్పటి నుంచి నా పర్సులోనే ఉంది. అంచులు అరిగాయి, చీర ఎరుపు వెలిసి గోధుమ రంగయింది, ఆ బిర్రు మాత్రం తగ్గలేదు. మొన్న కొత్తగూడ హోటల్లో ఆ ముగ్గురి బల్ల దగ్గర పర్సు తీశాను. ఫోటో సగం బయటికి వచ్చింది కూడా.

అప్పటికే వాళ్లు ఓకే అంకుల్ అనేశారు.